పద్నాలుగో ట్యాంకు పులుపు

మా పాపను చూడడానికి మొదటిసారి వచ్చినప్పుడు నోయెలీ బార్తెస్ గారి చేతిలో గిలక్కాయ లేదు, ఉన్ని టోపీ లేదు. చిన్న గాజు గ్లాసు అడుగున కాస్త ఎర్ర వైన్ ఉంది.

“పెదవికి తాకిస్తాను, అంతే,” అంటూ చూపుడు వేలు అందులో ముంచబోయారు.

నేను పాపను ఎత్తుకుని గది అవతలి మూలకు వెళ్ళిపోయాను. లిజోన్‌కు అప్పటికి నెల కూడా నిండలేదు. అది నిద్రలో ఊపిరి తీస్తోందో లేదో చూడడానికి నేను గంటకోసారి లేచే రోజులవి.

“వద్దండీ! దాని కాలేయం ఇంకా ఎదగలేదు.”

“కాలేయమా? ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ తాకిస్తాం, నీకూ నేనే తాకించాను. మీ అమ్మ పక్కనే నిలబడి నవ్వింది. ఏమైంది నీ కాలేయానికి? నీతోపాటే మోన్‌పెలియే యూనివర్సిటీ దాకా వెళ్ళి కెమిస్ట్రీ చదివొచ్చింది.”

“అందుకేనేమో ఇంత పిరికిదాన్నయ్యాను.”

“దానికి వైన్ ఏం చేస్తుంది? అది మీ నాన్న పోలిక.”

ఆ కాస్త వైన్ తనే తాగేసి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున మా గుమ్మంలో మూత పెట్టిన సూపు గిన్నె ఉంది. ఇక ఆ తర్వాత ఎప్పుడు కనబడినా గోడ మీదుగా ఒకే ప్రశ్న: “ఇవాళైనా?” నాదీ ఒకే జవాబు: “లేదండీ.”

ఆవిడ మా పక్కింటావిడ. ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండిపెడుతూ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మా ఊళ్ళో నడివయసు లోపు వాళ్ళందరూ ఆవిడ గరిటె కింద పెరిగినవాళ్ళే, నాతో సహా. క్యాబేజీ తిననన్న పిల్లవాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. తిట్టేవారు కాదు. వాడు తినేదాకా ఎదురుగా తనూ క్యాబేజీ తింటూ ఉండేవారు. అలా తినీ తినీ తనకు క్యాబేజీ మీద విరక్తి పుట్టిందని ఇప్పటికీ అంటారు. అయినా సూపులో వేయకుండా ఉండరు.

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినప్పుడు అత్తవారి తరఫున ఆవిడకు దక్కింది ఒక్క పొలం చెక్క. కొండకు ఉత్తరం వైపు, రాళ్ళలో ఉంటుంది. ఊరంతా దాన్ని నీడచెక్క అంటారు. అందులో ఉన్నవి ముసలి కారిన్యాన్ ద్రాక్ష మొదళ్ళు, ఆవిడ మామగారి తండ్రి నాటినవి. పందిరి లేదు, తీగ లాగిన కమ్మీ లేదు. ఒక్కొక్కటీ విడివిడిగా, మోకాలెత్తు మొద్దులా నిలబడి చేతులు పైకెత్తి ఉంటుంది. భర్త ఎలీ పోయాక ఆవిడ ఆయన కత్తెరే పట్టుకుని ప్రతి చలికాలం ఆ కొమ్మలు ఒంటరిగా కత్తిరించుకునేవారు. ఊళ్ళో అందరి పళ్ళూ వైన్ చేసే సహకార సంఘానికి చేరిపోయాక, అన్నిటికన్నా చివర ఆవిడ పళ్ళు పండేవి. అవి కొంచెమే కనుక సంఘంలో వాటిని తలుపు పక్క మూలనున్న అతి చిన్న ట్యాంకులో పోసేవారు. అది పద్నాలుగోది. మిగతా ట్యాంకులను మేము అంకెలతో పిలుస్తాం. దాన్ని మాత్రం ‘నోయెలీ’ అంటాం.

గాయెటాన్ మా సంఘంలో వైన్ తయారీ చూస్తాడు. ట్యాంకుల హాలు పక్కనున్న చిన్న ల్యాబులో పులుపూ చక్కెరా ఆల్కహాలూ కొలవడం నా పని. ఆ హాలులోకి ఎన్నిసార్లు వెళ్ళినా తల పైకెత్తకుండా ఉండలేను. మా ముత్తాతలు సిమెంటుతో కట్టిన ఆ ట్యాంకులు రెండు వరుసలుగా కప్పు దాకా నిలబడి ఉంటాయి. ఎండాకాలంలోనూ లోపల చలే. ఒక ఏడాది ఎండా వానా, ఊరందరి నడుం నొప్పీ ఆ గోడల వెనక చప్పుడు చేయకుండా నిలవ ఉంటుంది. గోడకు చెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది, అంతే.

ఆ ఏడాది ఎండలు మండిపోయాయి. మా ఊళ్ళో ఎక్కువగా పండే గ్రెనాష్ రకం ద్రాక్షలో చక్కెర విపరీతంగా పెరిగి పులుపు పడిపోయింది. దాని వైన్ నోట్లో జామ్‌లా వెచ్చగా, తియ్యగా పరుచుకుని అక్కడే పడుకునేది. పద్నాలుగోది సరిగ్గా దానికి ఎదురు. నీడవాలు కావడంతో దాని పులుపు అలాగే ఉంది. ఒక గుక్క పోసుకుంటే చెంపలు లోపలికి లాక్కుపోయేవి. కాడ కొరికినట్టుండేది.

సంఘానికి అధ్యక్షుడు రెజిస్ కతాలా. నోయెలీ గారికి స్వయానా అన్న కొడుకు. చెడ్డవాడు కాదు. అమ్ముడుపోని వైన్ పీడకల లాంటిది అతనికి, నాకు పాప దగ్గు లాంటిదన్నమాట. జనవరిలో ఒక రోజు ల్యాబు గుమ్మంలో నిలబడి మేనత్తకు చెప్పేశాడు.

“అత్తా, నీ ట్యాంకు ఈసారి డిస్టిలరీకి పంపించేస్తాం. మనం అమ్మే ఊరి ఎరుపు వైన్‌లో కలపలేం. కుర్రాళ్ళు పండు రుచి అడుగుతున్నారు. నీది తాగితే వాళ్ళకు తాతలు గుర్తొస్తారు.”

“తాతలు గుర్తొస్తే తప్పేంట్రా? డిస్టిలరీలో దాన్నేం చేస్తారు?”

“మరిగించి స్పిరిట్ తీస్తారు. మందులకీ, చేతులు శుభ్రం చేసుకునే వాటికీ వాడతారు.”

“నా ద్రాక్షతో చేతులు కడుక్కుంటారా?”

అసలు మాట రెజిస్ పైకి అనలేదు గానీ మా అందరికీ తెలుసు. ఈసారి డిస్టిలరీకి పోతే వచ్చే కోతకు సంఘం ఆ పళ్ళు తీసుకోదు. తీసుకోకపోతే ఆ మొదళ్ళు ఉంచి లాభం లేదు. ట్రాక్టరు వచ్చి పెకలించేస్తుంది. కొండకు ఇవతల సగం చెక్కలు అప్పటికే అలా ఖాళీ అయిపోయాయి. నోయెలీ గారు ఆ చలికాలం కత్తెర పట్టుకోలేదు. ఊరందరి తోటల్లో కత్తిరింపులు అయిపోయాయి. నీడచెక్కలో మాత్రం పాత కొమ్మలు జుట్టు విరబోసుకున్నట్టు అలాగే ఉండిపోయాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఒకసారి అటు చూసి, తల తిప్పుకునేవాళ్ళు.

మా సంఘం అమ్మే మామూలు వైన్‌ను ‘ఊరి ఎరుపు’ అంటాం. సీసాల్లోనూ ఉంటుంది గానీ జనం ఎక్కువగా క్యాన్లు తెచ్చుకుని పంపు దగ్గర పోయించుకుంటారు. తాపీ మేస్త్రీ నుంచి డాక్టరు దాకా అందరి బల్ల మీదా రోజూ ఉండేది అదే. ఏ ట్యాంకు ఎంత కలపాలో ఫిబ్రవరిలో కమిటీ రుచి చూసి తేలుస్తుంది. ఆ మధ్యాహ్నం భోజనం నోయెలీ గారిదే. బడి వదిలేశాక కూడా ఆ ఒక్క వంట వదల్లేదు.

“పద్నాలుగోది కొంచెం వేసి ఒక మిశ్రమం చూద్దాం,” అన్నాడు గాయెటాన్. “ఒక్కసారి. ఏది ఏదో ఎవరికీ చెప్పకుండా.”

“సరే, ఒక్కసారి,” అన్నాడు రెజిస్.

కలిపింది నేను. ఒక జగ్గులో గ్రెనాష్, సిరా అనే ఇంకో రకం ద్రాక్ష వైన్లు. రెండో దాంట్లో అవే, వాటితో పాటు పద్నాలుగోది చిన్న వాటా. మొదటి జగ్గు పిడికి తెల్ల దారం, రెండోదానికి నీలం దారం కట్టాను. ఏ దారం దేనిదో గాయెటాన్‌కు కూడా చెప్పలేదు.

ఆ రోజు పాపను చూసే ఆవిడకు జ్వరం వచ్చింది. లిజోన్‌ను గుడ్డతో ఛాతీకి కట్టుకుని వెళ్ళాను. సంచీకి గాలి కొలిచే మీటరు తగిలించాను. పులియడం ఎప్పుడో శరదృతువులోనే అయిపోయింది, దాంతో పుట్టే విషవాయువు ఫిబ్రవరిలో ఆ హాల్లో ఉండదని నాకు తెలుసు. అయినా తగిలించాను.

“అది పాపకా, నీకా?” అన్నాడు గాయెటాన్.

“నాకే.”

కమిటీవాళ్ళు ఆరుగురు. గ్లాసు వెలుతురుకు ఎత్తి చూశారు, ముక్కు లోపలికి పెట్టారు, గాలితో కలిపి గురగురమని పుక్కిలించి బకెట్లో ఉమ్మారు. అందరిలోకీ పెద్దవాడు ఫుల్‌క్రాన్ ముందుగా నోరు విప్పాడు.

“తెల్ల దారం. సిల్కులా జారింది.”

“నీలం కొరుకుతోంది,” అన్నాడు ఇంకొకడు.

“తెల్లదే,” అన్నాడు రెజిస్.

నేనూ నోట్లో పోసుకుని ఉమ్మి చూశాను. నాకూ తెల్లదే నచ్చింది. అది నా నోరు చెప్పిన మాట, దాన్ని నేను మార్చలేను. ఆ సంగతి చెప్పి నీలం దారంలో ఏముందో అందరికీ విప్పాల్సిన వేళ అది. అప్పుడే నోయెలీ గారు గిన్నెల దొంతర పట్టుకుని హాలు దాటుతున్నారు. ఆవిడ ముందు ఆ మాట అనడానికి నా నాలుక తిరగలేదు.

రెజిస్‌కు దారాల లెక్క తెలియకపోయినా కొరికేది ఎవరిదో ఊహించాడు. “అత్తా, విన్నావుగా. డిస్టిలరీ ట్యాంకరు సోమవారం వస్తుంది.”

“విన్నా. చేతులు కడుక్కుని రా, సూపు చల్లారిపోతుంది. వైన్‌తో కాదు, నీళ్ళతో కడుక్కో.”

వెనక గదిలో బల్ల వేసి ఉంది. మిగిలిన వైన్ పారబోసే అలవాటు మాకు లేదు కనుక రెండు జగ్గులూ అదే బల్ల మీదికి వచ్చాయి. సూపు గిన్నెల్లోంచి ఆవిరి లేస్తోంది. క్యాబేజీ, తెల్ల చిక్కుడు గింజలు, పంది ఎముక. పైన బాతు కొవ్వు బంగారు చుక్కల్లా తేలుతోంది. తెల్లవారుజామునే పొయ్యి మీద పెట్టిన సూపు అది. మాట్లాడేవాళ్ళు మాట్లాడడం ఆపేశారు.

సూపు దాదాపు అయిపోయాక మేము చేసే పని ఒకటుంది. గిన్నె అడుగున రెండు గరిటెల వేడి చారు ఉంచుకుని, అందులో ఎర్ర వైన్ పోసి, గిన్నెను గుండ్రంగా ఒకసారి తిప్పి, రెండు చేతులతో ఎత్తి తాగేస్తాం. మోచేతులు బల్ల మీదే ఉంటాయి, మొహం గిన్నెలో ఉంటుంది. మా ముసలివాళ్ళు దాన్ని ‘మేక తాగుడు’ అంటారు. పొరుగూరివాళ్ళ ముందు కొంచెం సిగ్గుపడతాం గానీ మానం.

ఫుల్‌క్రాన్ జగ్గు అందుకున్నాడు, పోసుకున్నాడు, పక్కవాడికిచ్చాడు. నా ఒక చెయ్యి పాప తల కింద ఉంది. ఏమీ తినలేక వాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. మాటలు మళ్ళీ మొదలయ్యాయి. అడవి పందులు ఎవరి తోట తవ్వాయో, కొండదారికి తారు ఎప్పుడు వేస్తారో. వైన్ గురించి ఒక్కడూ మాట్లాడడం లేదు. గిన్నెలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఒకడు రెండోసారి సూపు పోయించుకున్నాడు, మళ్ళీ మేక తాగుడు కోసమే.

రెజిస్ కబుర్లలో పడి జగ్గు కోసం చెయ్యి చాచాడు. వంచితే రెండు చుక్కలు పడ్డాయి.

“ఇంకో జగ్గేదీ?”

“నీ ముందే ఉంది కదరా, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?” అన్నాడు ఫుల్‌క్రాన్.

అతని ముందున్న జగ్గు మెడ దాకా నిండుగా ఉంది. దాని పిడికి తెల్ల దారం.

“ఇది కాదు. అది కావాలి,” అని ఖాళీ జగ్గును ఊపి చూపించాడు రెజిస్.

ఆ జగ్గే ఖాళీ అవడానికి కారణం నాకు తెలుసు. పులుపు కొవ్వును కోస్తుంది, ఆ వగరు నాలుక మీది జిడ్డును పట్టుకుని ఊడ్చుకుపోతుంది, నోరు మళ్ళీ ఆకలిగొంటుంది. రెండు సమీకరణాల్లో రాసేయొచ్చు. కానీ ఆరుగురు మనుషులు, పొద్దున తమ నోటితో వద్దన్నదాన్ని, ఏమీ ఆలోచించకుండా, పందుల కబుర్లు చెప్పుకుంటూ, చేతులు చాచి చాచి అడుగు కనబడేదాకా తాగేశారు. ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళ చేతులకు ఎవరు చెప్పారు? చర్చిలో గంట ఆగిపోయిన క్షణంలో ఉన్నట్టు అనిపించింది నాకు. పాపను ఇంకొంచెం దగ్గరగా పట్టుకున్నాను.

“రెజిస్,” అన్నాను. “పద్నాలుగో ట్యాంకు ఉన్నది ఆ నీలం దారం జగ్గులోనే.”

ఫుల్‌క్రాన్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, ఎవరో వీపు మీద తట్టాల్సి వచ్చింది. రెజిస్ తన గిన్నెలోకి చూసుకున్నాడు. అంచు చుట్టూ ఊదారంగు వలయం, మధ్యలో ఒక చిక్కుడు గింజ.

“ఇది మీరిద్దరూ కలిసి ఆడిన నాటకమా, అత్తా?”

“నేను సూపు వండా. దారాలు కట్టింది ఆ పిల్ల. మేకలా తాగింది నువ్వు.”

“కానీ జనం సూపు గిన్నె పట్టుకుని మన కౌంటర్ దగ్గరికి రారు కదా! నిలబడి ఒక గుక్క తాగి కొంటారు. మేమంతా పొద్దున తాగినట్టే. ఆ గుక్కకు తెల్ల దారమే కదా నచ్చింది?”

అది నిజమే. నోయెలీ గారు గరిటె కడాయి అంచుకు ఆనించి నిలబడ్డారు. మాట్లాడింది గాయెటాన్.

“మొదటి క్యాన్ ఆ గుక్కతోనే పట్టుకెళ్తారు, రెజిస్. మరి రెండో క్యాన్ కోసం ఎందుకొస్తారు? ఇంట్లో బల్ల మీద మొదటిది ఖాళీ అయితేనే కదా.”

రెజిస్ రొట్టె ముక్క తుంచి గిన్నె తుడిచాడు. అడుగు తెల్లగా మెరిసేదాకా నిదానంగా తుడిచాడు. ఆ ముక్క నోట్లో వేసుకుని, నములుతూనే అన్నాడు:

“ట్యాంకరువాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పండి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో చీజ్ పళ్ళెం ముందుకు తోశారు.

“అత్తా, ఎలీ మామయ్య కత్తెరకు సాన పట్టించావా?”

“ఇప్పుడెందుకురా?”

“మార్చి వచ్చేస్తోంది. నీ చెక్కలో ఇంకా ఒక్క కొమ్మ కూడా కొట్టలేదు. సిగ్గులేదూ, ఊరంతా చూస్తోంది!”

ఇంకొంచెం సూపు కావాలా అన్నట్టు ఆవిడ నా వైపు గరిటె చాపారు. సూపు సగం గిన్నెలో, సగం బల్ల మీద పడింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం పాపను తీసుకుని నీడచెక్కకు వెళ్ళాను. కత్తిరింపులకు అది చాలా ఆలస్యం. అప్పటికే నేల వేడెక్కి మొదళ్ళలోకి నీరెక్కింది. ఆవిడ కొమ్మ కోసిన ప్రతిచోటా గాయంలోంచి తేటనీరు ఊరి, చుక్కగా నిలిచి, జారిపడి, మళ్ళీ ఊరుతోంది. వాలంతా అంతే. ఎండ వాటి మీద పడుతోంది. రాళ్ళ మీద చుక్కలు పడుతున్న చప్పుడు వినబడుతోందని నాకు అనిపించింది. అంత చిన్న చప్పుడు నిజంగా వినబడిందో లేదో చెప్పలేను. వేర్ల ఒత్తిడి గురించి నేను పరీక్ష రాశాను, మంచి మార్కులు వచ్చాయి. ఆ మొద్దులు మా ముత్తాతల కాలంనాటివి, ఎండిన కట్టెల్లా ఉంటాయి. అంత నీరు, ఆ రాళ్ళలోంచి!

“ఏడుస్తున్నాయి,” అన్నారు నోయెలీ గారు, నడుం పట్టుకుని లేస్తూ. “ఆలస్యం చేశా కదా, కోపం మరి. ఏడవనీ. వేసవికి మర్చిపోతాయి.”

ఒక గాయం కింద చూపుడు వేలు పెట్టి చుక్క పట్టుకున్నారు. నా వైపు చూశారు. ఈసారి “ఇవాళైనా?” అని అడగలేదు.

దాదాపు నీళ్ళే, ఏవో లవణాలు ఉంటాయి, చలికాలమంతా ఈ చెక్కకు ఎవరూ మందు కొట్టలేదు, కత్తెర తుప్పు అంటుకుని ఉంటుందా, వేలు కడుక్కున్నారా... అన్నీ ఆలోచించాను. తర్వాత పాప మొహం మీది గుడ్డ తీశాను. ఆవిడ ఆ చుక్కను లిజోన్ కింది పెదవికి తాకించారు. అది నాలుక బయటపెట్టి, నాకి, కనుబొమలు ముడిచి ఆవిడ వంక చూసింది.

“రుచి చూస్తోంది చూడు! మీ నాన్న పోలిక కాదులే.”

మే నెలలో ఊరి ఎరుపు అమ్మకానికి వచ్చింది. మొదటి శనివారం తలుపులు తీయకముందే క్యాన్లతో జనం నిలబడ్డారు. పంపు గొట్టం అందుకుని పెట్రోలు పోసుకున్నట్టు పోసుకోవడమే. కౌంటర్ దగ్గర మా ఊరివాళ్ళు కాని యువజంట ఒకటి గ్లాసు చేతులు మార్చుకుంటోంది.

“కొంచెం కొరుకుతోంది కదూ?” అంది ఆ అమ్మాయి.

రెజిస్ నా వైపు చూశాడు. గల్లా పెట్టె మీద అతని వేళ్ళు ఆగిపోయాయి.

“కొరకనీ,” అన్నాడు ఆ అబ్బాయి ఇంకో గుక్క తాగి. “సాయంత్రం సాసేజ్‌లు కాల్చుకుంటున్నాం కదా. ఈ ధరకి ఇంకెక్కడొస్తుంది? పెద్ద డబ్బా తీసుకుందాం.”

వాళ్ళ వెనక నోయెలీ గారు ప్లాస్టిక్ క్యాన్ పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. గాయెటాన్ ఆవిడ కోసం గ్లాసులో కొంచెం పోసిచ్చాడు. ఆవిడ వాసన చూశారు. నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారు. ఎవరినో వెతుకుతున్నట్టు నుదురు ముడిపడింది. ఇంకో గుక్క.

“నాదెక్కడుందీ?”

“అందులోనే ఉంది పెద్దమ్మా,” అన్నాడు గాయెటాన్.

“దొరకట్లేదు.”

ఇంత జరిగాక ఆవిడకు తన ద్రాక్షే దొరకకుండా పోయిందే అనుకున్నాను. వాటా కొలిచి పోసింది నేనే. ఇంకొంచెం వేసి ఉండాల్సింది.

ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, అడుగు వెలుతురుకు ఎత్తి చూశారు.

“ఆ గ్రెనాష్ చూడు, ఎలా లేచి నిలబడిందో! ఫిబ్రవరిలో మంచం మీద పడుకుని ఉండేది.” గ్లాసు దించి నా వైపు తిరిగారు. మొహమంతా వెలుగు. “నేను ఎక్కడా కనబడట్లేదమ్మాయ్. ఎక్కడా లేను!”

బడిలో క్యాబేజీ అంతా తినేసిన పిల్లవాడి ఖాళీ పళ్ళెం చూసినప్పుడు కూడా ఆవిడ మొహం ఇలాగే ఉండేది. ఆ రోజంతా ఆ గొట్టంలోంచి క్యాన్లలోకి పోతూనే ఉంది నీడచెక్క. ఏ బల్ల మీదికి, ఎవరి గిన్నెలోకి పోతోందో ఆవిడకు తెలియదు, తాగేవాళ్ళకూ తెలియదు.

రెజిస్ కౌంటర్ దాటి వచ్చి క్యాన్ అందుకోబోయాడు. “నేను పోస్తానుండు. నీ దగ్గర డబ్బులేంటత్తా, నీ ద్రాక్షేగా.”

“నాది ఎక్కడుందో చూపించు, అప్పుడు ఊరికే పట్టుకెళ్తా,” అంటూ ఆవిడ గొట్టం తనే అందుకుని క్యాన్ మూతిలో దూర్చారు. “అడ్డం లేవరా, వెనక జనం నిలబడ్డారు.”